ముట్టుకున్న బంటు

సంజార్ కోటు కూడా విప్పలేదు. నిలబడే ఆడాడు.

బురుల్ తన ఎత్తు వేసి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే అతని జవాబు పడిపోయేది. గడియారం మీట నొక్కేసి, కిటికీలోంచి కింద వెళ్తున్న ట్రాలీబస్సుల కేసి చూసేవాడు. బురుల్ మళ్ళీ తల పట్టుకుని ఆలోచించేది. ఆలోచించి, ఎప్పటి నుంచో ఆడుతున్న ఎత్తే ఆడేది. అతను చూపు తిప్పకుండానే బంటు జరిపేవాడు.

డజను ఎత్తుల తర్వాత సంజార్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, కూర్చుని, చేతులు రుద్దుకున్నాడు. చదివొచ్చిన పాఠం అయిపోయిందని, ఇక సొంతంగా ఆలోచించబోతున్నాడని బురుల్‌కి అర్థమైంది. అయితే అప్పటికే ఆమె రాజు చుట్టూ ఊపిరాడటం లేదు. కాసేపు పెనుగులాడి, రాజును పడుకోబెట్టి, చెయ్యి చాపింది.

"ఎప్పుడు చదివావయ్యా ఇదంతా?"

"ఇప్పుడే ఎజే. ఇక్కడికి వస్తూ, బస్సులో." ఎజే అంటే అక్క. సంజార్ ఫోన్ పైకెత్తి చూపించాడు. "మీ ఆటలన్నీ ఇందులో ఉన్నాయి. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే."

గది గొల్లున నవ్వింది. ప్రింటింగ్ ప్రెస్సువాళ్ళ పాత కళాభవనంలో రెండో అంతస్తు. అటు పక్క గదిలో పిల్లల డాన్సు క్లాసు, ఇటు చదరంగం క్లబ్బు. బిష్కెక్‌లో ఇంతకంటే పెద్ద క్లబ్బులున్నాయి గానీ ఇంత పాతది లేదు. నవ్వినవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. బురుల్ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆమె ఒంట్లోంచి ఎవరో ఎముక తీసి బల్ల మీద పెట్టి చూపించినట్టయింది. పాతికేళ్ళకు పైగా తను ఆలోచించి ఆడుతున్నానని అనుకుంటున్నది బస్సులో చదవగలిగినంతేనా?

క్లబ్బు పెద్ద కుబాత్ అగాయ్ చెంచాతో టీ గ్లాసు మీద కొట్టాడు. అగాయ్ అంటే మాస్టారు. ఆ గదిలో సగం మందికి తొలి ఎత్తు నేర్పింది ఆయనే.

"లెక్క చెప్తున్నా, వినండి. సరస్సు దగ్గర పోటీలకి మన జట్టులో ముగ్గురు ఖాయం. నాలుగో కుర్చీకి బురుల్, సంజార్ పాయింట్లు సమానంగా ఉన్నాయి. వచ్చే ఆదివారం ఇద్దరికీ ఒక్క ఆట. గెలిచినవాళ్ళు బస్సెక్కుతారు." రెండు గుప్పిళ్ళలో రెండు బంట్లు దాచి చాపాడు. సంజార్ తట్టిన గుప్పిట్లో తెల్లది వచ్చింది.

ప్రతి వసంతంలోనూ ఆ బస్సు సరస్సు ఒడ్డున చోల్పాన్-అతాకి వెళ్తుంది. ప్రతి వసంతంలోనూ బురుల్ దానికి చెయ్యూపుతుంది. జట్టు వేసుకునే నీలం జాకెట్లు కత్తిరించేది ఆమే.

మెట్లు దిగుతుంటే గేనా ఖేగాయ్ వెనకనించి వచ్చి కలిశాడు. కొరియా వాడు. ఓష్ బజారులో కారెట్ సలాడ్లు అమ్ముతాడు. మూడో బల్ల మీద ఆడతాడు. బురుల్‌కి అతనితో పోట్లాట ఎంత పాతదో స్నేహమూ అంత పాతదే.

"ఏడుస్తున్నావా?"

"నీకెందుకు?"

"ఏడిస్తే త్వరగా ఏడు. పనుంది." గేనా మఫ్లరు బిగించుకున్నాడు. "నీ ఇంటికి కిటికీ లేదు బురుల్. రాజు ముందు బంటు ఒక గడి జరుపుతావ్, దాని పక్కన ఇంకోటి కడతావ్, గోడ లేస్తుంది. బానే ఉంది. మరి తెల్ల గళ్ళ శకటు సంగతో? ఐమూలగా పరిగెత్తాల్సిన ప్రాణి. లోపల పెట్టి తాళం వేశావ్. చిన్నప్పుడు వేసిన తాళం. ఈపాటికి ముసలిదైపోయుంటుంది పాపం."

"ఫ్రెంచ్ డిఫెన్స్ అంటే అంతే కదా. అగాయ్ నేర్పింది అదే."

"అగాయ్ నాకు స్కీయింగ్ కూడా నేర్పాడు. కాలు విరిగింది. కారో-కాన్ ఆడు. అదే గోడ, కాకపోతే శకటును ముందు బయటికి తోలి ఆ తర్వాత తలుపేస్తావ్. వాడు బస్సులో చదివిందంతా గంగలో కలుస్తుంది."

"వారంలోనా?"

"నాలుగు దారులు చాలు. తెల్లవాడు బంట్లు మార్చుకుంటే ఒకటి, గుర్రం తెస్తే ఒకటి, ముందుకు తోస్తే ఒకటి, పిచ్చివేషాలేస్తే ఒకటి. పొద్దున్నే కొట్టు దగ్గరికి రా. ఎవరికీ చెప్పకు. నీ పిల్లికి కూడా."

బజారు ఇంకా ఒళ్ళు విరుచుకుంటుండగా బురుల్ వెళ్ళింది. గేనా గడియ తీసి తగరపు పళ్ళాలు పేర్చుతున్నాడు. కారెట్ చెక్కు తీసి, తురుముపీట మీద పొడుగ్గా, సన్నగా లాగుతాడు. పైన ఉప్పు, పంచదార చల్లి, రెండు చేతులతో నలిపి, కాగిన నూనె కుమ్మరిస్తాడు. వెల్లుల్లి వాసన బల్లంతా కమ్ముకుంటుంది. ఆ పళ్ళాల పక్కన, రేగిన అంచుల ప్లాస్టిక్ గుడ్డ బోర్డు. తెల్లపావులు గేనావి.

"మంత్రి వైపు శకటు ముందు బంటు. ఒక్క గడి."

బురుల్ జరిపింది.

"నేను ముందుకి తోస్తున్నా. సంజార్ అదే ఆడతాడు, దూకుడు గాడు. ఇప్పుడు?"

బురుల్ చెయ్యి రాజు ముందు బంటు మీదికి వెళ్ళింది. తడి కారెట్ ఒకటి టప్పున ఆమె వేళ్ళ మీద పడింది.

"శకటు! ముందు శకటు! తలుపు తర్వాత!"

"తెలుసు. చెయ్యి వెళ్ళిపోయింది."

"చేతికి చెప్పు మరి."

మళ్ళీ మొదట్నించి. మళ్ళీ చెయ్యి అక్కడికే. గేనా మళ్ళీ కారెట్ తీశాడు. కొనడానికి వచ్చిన ఒక ముసలామె ఆగి చూసి, "కొట్టు నాయనా, బాగా కొట్టు, మా ఆయనకీ ఇలాగే కొట్టాల్సింది" అని ఫెర్న్ కాడల సలాడ్ కట్టించుకుని వెళ్ళింది.

ఓపెనింగ్ మార్చడమంటే కొత్తవి నేర్చుకోవడం కాదని బురుల్‌కి ఆ వారం తెలిసొచ్చింది. కొత్తవి తలలోకి బాగానే ఎక్కాయి. పాతవి చేతిలోంచి దిగడం లేదు. మదీనా బజారు వెనక కుట్టు కార్ఖానాలో ఆమె కట్టర్. పొడుగు బల్ల మీద గుడ్డ పొరలు పరిచి, ముడతలు అరచేత్తో అంచులకి తోసి, బరువులు పెట్టి, పైపొర మీద సుద్దతో అచ్చు గీసి, మోటారు కత్తి దింపుతుంది. కత్తి వెనక్కి రాదు. గీత తప్పితే పైపొరే కాదు, కింద ఉన్న పొరలన్నీ తప్పుతాయి. కత్తి నడుస్తున్నంతసేపూ పెదాలు కదిలేవి: బంటు, బంటు, శకటు బయటికి, అప్పుడు తలుపు. కుట్టు మిషన్ల మీది అమ్మాయిలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. "ఎజే నమాజు మొదలెట్టింది."

శుక్రవారానికి చెయ్యి లొంగింది. గేనా ఎన్నిసార్లు ముందుకి తోసినా శకటు బయటికొచ్చేది. బయట నిలబడ్డ ఆ శకటును చూస్తుంటే బురుల్‌కి లోపలేదో వెలితి అనిపించింది. అగాయ్ కట్టిచ్చిన గోడ అది. తొమ్మిదేళ్ళ పిల్లప్పుడు, సోవియట్ రోజుల్లో పిల్లల కోసం నడిపిన పయొనీర్ల భవనంలో, ఆయన తన వేళ్ళతో ఆమె వేళ్ళు పట్టుకుని రాజు ముందు బంటును జరిపించాడు. చెప్పకుండా వదిలేస్తే ఎలా?

శనివారం టీ పొట్లం, ఇంట్లో వేయించిన మైదా బోర్సోకులు పట్టుకుని అగాయ్ ఇంటికి వెళ్ళింది. కోడలు టీ పోసి లోపలికెళ్ళింది.

"అగాయ్, బాతా ఇవ్వండి. రేపటి ఆటకి."

పెద్దల దీవెన లేకుండా ఇక్కడ ఎవరూ గుర్రం కూడా కొనరు. అగాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "ఇస్తాను. ఇంకేదో ఉంది నీ మొహంలో."

"ఫ్రెంచ్ ఆడటం లేదు అగాయ్."

ఆయన బోర్సోకును రెండుగా చీల్చాడు. "నా గోడ నచ్చలేదా?"

"నచ్చక కాదు. ఊరందరికీ తెలిసిపోయింది. బస్సులో చదివేస్తున్నారు."

"మరేం ఆడతావ్?"

పిల్లికి కూడా చెప్పొద్దన్నాడు గేనా. కానీ అడిగింది పిల్లి కాదు. చేతులు చాపి దీవెన అడుగుతూ, దీవించేవాడికి జవాబు దాచడమెలా? కిటికీ గట్టు మీద ఆయన చెక్కబోర్డు ఎప్పుడూ పేర్చే ఉంటుంది. బురుల్ జరిపి చూపించింది. బంటు, బంటు.

"ఆ కుర్రాడు ముందుకి తోస్తాడు," అన్నాడు అగాయ్. ఆయనే నల్ల శకటును పట్టుకుని ఐమూలగా జరిపాడు. "ఇక్కడికా?"

"అక్కడికే అగాయ్."

ఆయన తలాడించి, శకటును జాగ్రత్తగా వెనక్కి పెట్టి, రెండు అరచేతులూ ఆకాశానికి విప్పాడు. బురుల్ కూడా విప్పింది. "నీ దారి తెరుచుకోవాలి. నీ చెయ్యి తడబడకూడదు. ఓమీన్." ఇద్దరూ అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు. వీధిలోకొచ్చాక బురుల్‌కి ఒళ్ళు దూదిపింజలా తేలికైంది.

ఆదివారం క్లబ్బులో కూర్చోడానికి చోటు లేదు. డాన్సు క్లాసు తల్లులు కూడా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. కుబాత్ అగాయ్ గడియారం తిప్పి పెట్టాడు. "ముట్టుకున్న పావు ఆడాలి. రూలు అందరికీ ఒకటే. కానివ్వండి."

సంజార్ ఈసారీ కోటు విప్పలేదు.

రాజు ముందు బంటు రెండు గళ్ళు తోశాడు. బురుల్ శకటు ముందు బంటు ఒక గడి జరిపింది. ఆశ్చర్యపోతాడేమోనని కళ్ళెత్తింది. పోలేదు. అసలు చూడనే లేదు. రెండో బంటు తోశాడు. ఆమె ఎదురు నిలిపింది. అతను మొదటి బంటును ముందుకి నెట్టి, మీట నొక్కి, కిటికీ కేసి తిరిగాడు.

ఏదో ఉంది. వారం కిందట ఫ్రెంచ్ చదివొచ్చినవాడు, ఇవాళ కొత్తది చూసి రెప్పైనా ఆర్పడేం? ఆ కంగారులో బురుల్ చెయ్యెత్తింది. శకటు, అనుకుంది. శకటు అనుకుంటూనే ఉంది.

వేళ్ళ మధ్య ఉన్నది రాజు ముందు బంటు.

ఆమె దాన్ని చూసింది. ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది. పక్క బల్ల దగ్గర నిలబడ్డ గేనా మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ముట్టుకున్నాక ఇంకేముంది? బంటు ఒక గడి జరిగింది. తలుపు మూసుకుంది. శకటు లోపలే ఉండిపోయింది. బస్సు, సరస్సు, కుర్చీ, అన్నీ ఆ ఒక్క గడిలో పోయాయి.

ఆమె వేళ్ళు మీట మీంచి లేవకముందే సంజార్ చెయ్యి బోర్డు మీదికొచ్చింది. అంచు బంటును, ఏనుగు ముందున్నదాన్ని, రెండు గళ్ళు దూకించాడు.

బురుల్ ఆ బంటు కేసి చూసింది. ఎందుకది? ఆ అంచున దానికేం పని? ఫ్రెంచ్‌లో ఈ సమయంలో ఆ బంటును ఎవరూ ముట్టరు. అది దేన్నో తరుముతోంది. తరమడానికి అక్కడ ఏమీ లేదు. ఖాళీ గళ్ళు.

ఆ ఖాళీ గళ్ళలోనే, ఆమె చెయ్యి తప్పకపోతే, శకటు ఉండేది.

గేనా కొట్టు దగ్గర ఈ దారి చూశారు: శకటు బయటికి రాగానే తెల్లవాడు అంచు బంటు దూకిస్తాడు, నల్లవాడు ఏమరితే రెండు బంట్లు కలిసి ఆ శకటును నొక్కి చంపేస్తాయి. సంజార్ లేని శకటును చంపడానికి బయల్దేరాడు. అంటే అది అక్కడికొస్తుందని వాడికి ముందే తెలుసు.

సంజార్ అప్పుడు బోర్డు చూశాడు. చూపు ఖాళీ గడి మీద ఆగింది. నెమ్మదిగా కోటు విప్పాడు.

ఎవరు చెప్పారు? తెలిసింది ఇద్దరికి. ఒకరు అగాయ్. ఆయన్ని లెక్కలోంచి తీసేయడానికి ఆలోచన కూడా అక్కర్లేదు. మిగిలింది గేనా. అతను ఇందాక తెల్లబోయింది ఇందుకా? తన ఎత్తు పారలేదనా? పొద్దున్నే రమ్మని, కారెట్‌తో కొట్టి, నవ్వించి! బురుల్‌కి కళ్ళు మండాయి. అటు చూడలేదు. బోర్డులోకి దిగిపోయింది.

దిగాక తెలిసింది, ఇది తన ఇల్లే. చెయ్యి తప్పి ఒక ఎత్తు దండగ చేసింది నిజమే. గాల్లోకి బంటు తోలి సంజార్ కూడా ఒకటి దండగ చేశాడు. చెల్లుకి చెల్లు. ఇప్పుడున్నది పాత ఫ్రెంచ్ గోడ. అందులో ప్రతి ఇటుకా ఆమెకి తెలుసు. అంచు బంటు వెళ్ళిపోయిన వైపు తెల్లరాజుకి దాక్కునే చోటు లేదు. సంజార్ చదివొచ్చింది ఇక దేనికీ పనికిరాదు.

గేనా మీద కోపంతో ఆడింది. మధ్య బంటు కాళ్ళు కొట్టింది. మంత్రిని పక్కనించి దించింది. గుర్రాన్ని గోడ మీద నిలబెట్టింది. సంజార్ ఒక్కో ఎత్తుకీ నుదురు పట్టుకుంటున్నాడు. అతని రాజు నడిబోర్డులో, కోటు మర్చిపోయి చలిలోకొచ్చినవాడిలా నిలబడింది. చివరికి ఏనుగు, మంత్రి కలిసి దాని మీద పడ్డాయి. శకటు మాత్రం ఆట అయ్యేదాకా పుట్టిన గడి కదల్లేదు.

సంజార్ రాజును పడుకోబెట్టాడు. ఓడినా మంచివాడే, నవ్వుతూ చెయ్యి చాపాడు. "మమ్మల్ని భలే బోల్తా కొట్టించారు ఎజే!"

బురుల్ ఆ చెయ్యి అందుకోబోయి ఆగింది. "మిమ్మల్నా? ఎవరెవర్ని?"

సంజార్ చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు ఒక్క క్షణం పక్కకి పోయి, వెంటనే వెనక్కొచ్చేశాయి. ఆ క్షణం చాలు. అవి గేనా వైపు పోలేదు.

కుబాత్ అగాయ్ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నాకు వేరే చూపించావ్," అన్నాడు.

డాన్సు క్లాసు తల్లులు గుమ్మంలోంచి లోపలికి వంగారు.

"శకటు బయటికొస్తుందన్నావ్. నా బోర్డు మీద, నా వేళ్ళతో జరిపించావ్. బయటికి తీయకుండా నన్ను పిచ్చివాణ్ణి చేశావ్. దోసిలి పట్టి, బాతా తీసుకుంటూ, అబద్ధమాడి వెళ్ళావా అమ్మాయ్?"

ఆయన ఏం చెప్పేశాడో ఆయనకి తెలియలేదు. గదికి తెలిసింది. ఎవరో గ్లాసు కింద పెట్టారు. గేనానే ముందు నోరు తెరిచాడు. "అగాయ్, అది మీకు చూపించింది. మరి సంజార్‌కెలా తెలిసింది?"

"వాడూ బాతాకి వచ్చాడు," అన్నాడు అగాయ్, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు. "నిన్న సాయంత్రం. ఎజే ఏం ఆడుతుందని అడిగాడు. చేతులు చాపినవాడికి అబద్ధం చెప్పమంటావా? నేను నిజం చెప్పాను. ఇద్దరికీ నిజమే చెప్పాను. అబద్ధమాడింది ఇదే."

"చెప్పనని అనొచ్చుగా," అన్నాడు గేనా.

"నా దగ్గరికొచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపనా? చిన్నవాడు. ముందు బోలెడు ఆట ఉంది వాడికి." అగాయ్ బురుల్ వైపు తిరిగాడు. ఆ కళ్ళలో సిగ్గు లేదు. బురుల్ వెతికింది. బాధ ఉంది, నిజమైన బాధ. మోసపోయిన ముసలివాడి బాధ. చెప్పింది గేనా అయినా బాగుండేదే అనిపించింది ఆమెకి.

"అబద్ధం కాదు అగాయ్," గేనా అందుకున్నాడు. "అది కావాలని ఆడలేదు, దాని చెయ్యి—"

"గేనా," అంది బురుల్.

అతను ఆగాడు.

చెయ్యి తప్పింది అగాయ్ అంటే సరిపోతుంది. అంతా గొల్లున నవ్వుతారు. అగాయ్ కూడా నవ్వి, తల నిమిరి, చూశావా నా గోడే నిన్ను కాపాడింది అంటాడు. తను మళ్ళీ పయొనీర్ల భవనంలో తొమ్మిదేళ్ళ పిల్లవుతుంది. ఆయన సంజార్‌కి చెప్పిన మాట ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. రేపటి నుంచి ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

"అబద్ధమే చూపించాను అగాయ్," అంది.

ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. "నాకా?"

"మీరు చెప్పేస్తారని తెలుసు."

ఆ రెండో మాటకి, అంతసేపూ లేనిదేదో అగాయ్ మొహంలోకి వచ్చింది. చుట్టూ ఉన్న తన శిష్యుల వంక, ఒకరి తర్వాత ఒకరి వంక చూశాడు. ఎవరూ ఆయన చూపు అందుకోలేదు. వెనక్కి చెయ్యి చాపి దేనికోసమో తడుముకున్నాడు.

బురుల్ ఇప్పుడన్నదే అబద్ధమని ఆ గదిలో గేనా ఒక్కడికే తెలుసు. అతను కుర్చీ తెచ్చి ముసలాయన వెనక పెట్టాడు.